చెత్త బండి, మోనార్క్ రెక్కలు: దీపావళి రోజే వచ్చిన మా హాలోవీన్

2024లో దీపావళి, హాలోవీన్ రెండూ ఒకే రోజు పడ్డాయి. అక్టోబర్ 31, గురువారం. హాలోవీన్ అంటే ఇక్కడ పిల్లలు రకరకాల వేషాలు వేసుకుని, ఇంటింటికీ తిరిగి చాక్లెట్లు అడిగే పండుగ. అమెరికాలోని న్యూజెర్సీలో, ముఖ్యంగా మేముండే ఎడిసన్ చుట్టుపక్కల, మనవాళ్లు ఏ ఇద్దరు కలిసినా ఆ నెలంతా ఇదే మాట. సాయంత్రం లక్ష్మీపూజ చేసుకోవాలా, పిల్లలతో వీధులు తిరగాలా? గుమ్మంలో ప్రమిదలు పెడితే, అదే గుమ్మంలోకి జీరాడే బట్టలు వేసుకుని పిల్లలు చాక్లెట్ల కోసం వస్తారు కదా, ఎలా?

ఆ ఏడు మా ఇద్దరు పిల్లల వేషాలు ఇంట్లోనే తయారు చేశాం. తినుబండారాలు కూడా చాలావరకు ఇంట్లోనే. ఏది ఎలా చేశామో, ఎందుకు అలా చేశామో వివరంగా రాస్తున్నాను. ఈ దేశానికి కొత్తగా వచ్చి, స్కూల్ నుంచి హాలోవీన్ ఉత్తరం చూసి ఏం చేయాలో తోచని తల్లిదండ్రులకు పనికొస్తుంది.

కొన్న వేషాలు చాలా చూశాను. సన్నటి పాలియెస్టర్ గుడ్డ, ఒక్కసారి వేసుకుంటే పక్కల్లో కుట్లు ఊడిపోతాయి. దాని కంటే నాకు పెద్ద ఇబ్బంది ఇంకొకటి. షాపులో ఏది వేలాడుతుంటే పిల్లలు అదే కావాలంటారు. ఇంట్లో చేద్దాం అన్నప్పుడు మాత్రం వాళ్ల మనసులో నిజంగా ఏముందో బయటికి వస్తుంది. మా పాప తొమ్మిదేళ్లది, "మోనార్క్ సీతాకోకచిలుక" అంది. ఐదేళ్ల బాబు ఒక్క క్షణం ఆలోచించకుండా "చెత్త బండి" అన్నాడు. ఈ రెండూ ఏ షాపులో దొరుకుతాయి?

పని మొదలుపెట్టే ముందే ఒక మాట అనుకున్నాం. వేషం ఫోటో కోసం కాదు. పిల్లలు దాంతో గంటన్నర, రెండు గంటలు నడవాలి. ఇంటింటికీ మెట్లు ఎక్కి దిగాలి. మధ్యలో బాత్రూమ్‌కి వెళ్లాలి. మసక వెలుతురులో కార్లు నడిపేవాళ్లకు కనిపించాలి. అమెరికాలో పిల్లలు రోడ్డు మీద కారు తగిలి ప్రాణం పోగొట్టుకునే ప్రమాదం మామూలు రోజుల కంటే హాలోవీన్ సాయంత్రం ఎక్కువ. అందుకే మేం కత్తిరించిన ప్రతి గుడ్డకీ, అతికించిన ప్రతి అట్టకీ ముందు అడిగిన ప్రశ్న ఇది: దీంతో వీడు నడవగలడా?

ఆ సమయానికి అమ్మ తణుకు నుంచి వచ్చి మా దగ్గరే ఉంది. వేషాల సంగతి వినగానే ముఖం చిన్నబుచ్చుకుంది.

"దీపావళి అమావాస్య పూట దెయ్యాల వేషాలేమిటే? లక్ష్మీదేవి వచ్చే వేళ పుర్రెలూ ఎముకలూ గుమ్మంలో కడతారా?"

"దెయ్యాలు కాదమ్మా. ఒకటి సీతాకోకచిలుక, ఇంకోటి చెత్త బండి."

"చెత్త బండా?"

"అవును అమ్మమ్మా, సోమవారం పొద్దున వస్తుందే, అది!" అని బాబు కిటికీ దగ్గరికి పరుగెత్తాడు, బండి అప్పుడే వచ్చినట్టు.

అమ్మ మాటలో న్యాయముంది. నేను కొట్టిపారేయలేదు. హాలోవీన్ పుట్టుకే చనిపోయినవాళ్లతో ముడిపడి ఉంది. ఐర్లండ్, స్కాట్లండ్ ప్రాంతాల్లో పాతకాలంలో సావిన్ అనే పండుగ ఉండేది. పంట కాలం అయిపోయి చలి చీకటి రోజులు మొదలయ్యే వేళ, చనిపోయినవాళ్ల ఆత్మలు ఇళ్ల వైపు వస్తాయని నమ్మేవారు. క్రైస్తవం వచ్చాక నవంబర్ 1 సకల పునీతుల పండుగ అయింది. దాని ముందు రాత్రే హాలోవీన్. 19వ శతాబ్దంలో వలస వచ్చిన ఐరిష్ జనం ఈ ఆచారాన్ని అమెరికాకి తెచ్చారు. వాళ్ల ఊళ్లలో టర్నిప్ దుంపలు తొలిచి దీపం పెట్టేవారు. ఇక్కడ గుమ్మడికాయలు దొరికాయి, పైగా తొలచడం తేలిక.

ఇదంతా చెప్తే అమ్మ శ్రద్ధగా విని, "అయితే మన పగటి వేషాల వాళ్లలాగా ఇల్లిల్లూ తిరగడమన్నమాట" అంది. తన చిన్నప్పుడు పగటి వేషగాళ్లు ఊళ్లో దిగి రోజుకో వేషంతో వీధులన్నీ తిరిగి, ఆఖరి రోజున ప్రతి ఇంటికీ వచ్చి బియ్యమో డబ్బులో పుచ్చుకుని వెళ్లేవారట. ఆ సంగతులు చెప్తుంటే పిల్లలు తన ఒళ్లోంచి లేవలేదు. చివరికి ఒప్పందం కుదిరింది: మా గుమ్మంలో పుర్రె, అస్థిపంజరం ఉండవు. గుమ్మడికాయలు ఎన్నయినా ఉండొచ్చు.

రెక్కలు

పాపకి మోనార్క్ పిచ్చి ఊరికే రాలేదు. స్కూల్లో మిల్క్‌వీడ్ ఆకుల మీద గొంగళి పురుగుల్ని పెంచి, అవి సీతాకోకచిలుకలయ్యాక వదిలిపెట్టారు. మోనార్క్ గొంగళి పురుగు మిల్క్‌వీడ్ తప్ప ఇంకో ఆకు ముట్టదు. శరదృతువులో ఇవి దక్షిణానికి, మెక్సికో కొండల దాకా వలస వెళ్తాయి. దారిలో న్యూజెర్సీ కొసన ఉన్న కేప్ మే దగ్గర గుంపులు గుంపులుగా ఆగుతాయి. మా పాప అవన్నీ కంఠతా పట్టింది. ముందే షరతు పెట్టింది: "మగ వాటికి కింది రెక్కల మీద ఒక్కో నల్ల చుక్క ఉంటుంది. నేను ఆడ మోనార్క్‌ని. నాకు ఆ చుక్కలు పెట్టొద్దు. గీతలు మాత్రం లావుగా ఉండాలి."

గుడ్డ కోసం బజారుకి వెళ్లబోతుంటే అమ్మ తన పెట్టెలోంచి ఒక మంగళగిరి నూలు చీర తీసింది. నారింజ రంగు, నల్లంచు. ఉతికి ఉతికి మెత్తబడిపోయింది. "ఇంట్లో కట్టుకుందామని తెచ్చా. దీని కంటే మంచి పని దానికి ఏముంది?" అంది. మోనార్క్ రెక్కకి కూడా నారింజ రంగు మీద నల్లటి అంచే ఉంటుంది కదా. ఆ చీర చూడగానే పాప గంతులేసింది.

తీగలు, కర్రలు పెట్టి వీపున నిలబెట్టే రెక్కలు మేం వద్దనుకున్నాం. అవి పక్క పిల్లల కళ్లకు తగులుతాయి, వాటితో కుర్చీలో కూర్చోలేరు, కారు సీటు బెల్టు పట్టదు. చేతులు చాపితే విచ్చుకునే గుడ్డ రెక్కలైతే ఏ గొడవా లేదు. పాపని చేతులు చాచి నిలబెట్టి ఒక మణికట్టు నుంచి రెండో మణికట్టు దాకా, మెడ వెనక నుంచి పిక్క మధ్య దాకా కొలతలు తీసుకున్నాం. మడమ దాకా వద్దు, మెట్లెక్కేటప్పుడు కాళ్లకు అడ్డం పడుతుంది.

ముందు చీరకి గంజి పెట్టాం. చిక్కటి బియ్యం గంజి, వడకట్టి, ముంచి, నీడన ఆరేసి ఇస్త్రీ చేశాక గుడ్డ బిరుసెక్కింది. ఈ గంజి వల్ల రెండు లాభాలు. రెక్క వాలిపోకుండా నిలబడుతుంది. దాని మీద రంగు వేస్తే పాకదు, గీత ఎక్కడ గీస్తే అక్కడే ఉంటుంది. 

అసలు కష్టం అంచు దగ్గర వచ్చింది. చీర అంచు తిన్నగా ఉంటుంది, రెక్క అంచు వంపులు తిరుగుతుంది. అమ్మ అంచుని విడిగా కత్తిరించి, వంపు వచ్చిన చోటల్లా సన్న కుచ్చు పెట్టి, చేత్తో టాకా వేసుకుని, అప్పుడు మిషన్ మీద కుట్టింది. ఆవిడ చేతులు కదిలే తీరు చూస్తూ పాప పక్కన కూర్చుని గుండుసూదులు అందించింది. నల్ల గీతలు మాత్రం పూర్తిగా పాపే వేసింది. గుడ్డ కింద ప్లాస్టిక్ షీటు పరిచి, గుడ్డల మీద వేసే నల్ల రంగుతో లావుపాటి గీతలు. అంచు మీద తెల్ల చుక్కలకి బ్రష్ కంటే ఇయర్‌బడ్ బాగా కుదురుతుంది. ముగ్గు చుక్కల్లాగా వరసగా పెట్టుకుంటూ పోయారు అమ్మమ్మా మనవరాలూ. రంగు పూర్తిగా ఆరాక తిరగేసి ఇస్త్రీ చేశాం, నిలుస్తుందని.

రెక్కల్ని మెడ చుట్టూ తాడుతో కట్టడం అసలు మంచిది కాదు. ఎవరైనా వెనక నుంచి తొక్కినా, ఎక్కడైనా తగులుకున్నా మెడకి బిగుస్తుంది. అందుకని నల్ల టీషర్టు భుజాల మీద టిచ్ బటన్లు కుట్టి వాటికి తగిలించాం. గట్టిగా లాగితే ఊడి వచ్చేస్తాయి. చేతుల దగ్గర ఎలాస్టిక్ ఉంగరాలు, మధ్యవేలికి తొడుక్కోవడానికి. హెయిర్‌బ్యాండ్‌కి రెండు నల్లటి పైప్ క్లీనర్లు చుడితే మీసాలు తయారు. మాస్కు పెట్టలేదు. కళ్లు సగం మూసుకుపోతే పక్క నుంచి వచ్చే కారు కనపడదు. స్కూల్లో కూడా మాస్కులు వద్దన్నారు. ముఖం మీద నాలుగు చుక్కలు పెట్టాం. ఆ రంగుని కూడా అంతకు ముందే ముంజేతి లోపలి వైపు కొంచెం రాసి, దురద, దద్దుర్లు రావని చూసుకున్నాం.

చెత్త బండి

బాబుకి సోమవారం పొద్దున్న అంటే పండగ. చెత్త బండి మా వీధి మలుపు తిరిగే శబ్దం వినగానే చేతిలో ఇడ్లీ వదిలేసి కిటికీ దగ్గర నిలబడతాడు. బండి అన్న చెయ్యి ఊపుతాడు. "మా వీధిలో చెత్త బండి పాట పెట్టుకుని వస్తుందిరా" అని అమ్మ చెప్తే, "మరి మాది కూడా పాట పాడాలి" అన్నాడు. పాట కుదరలేదు కానీ మిగతా కోరికలన్నీ తీర్చాం.

మైక్రోవేవ్ వచ్చిన అట్టపెట్టె తీసుకున్నాం. పైన తల పట్టే రంధ్రం, పక్కల చేతులకి రంధ్రాలు. పాత స్కూల్ బ్యాగు పట్టీలు లోపల కుట్టి భుజాలకి తగిలించాం. ఈ పట్టీల వల్ల బరువంతా భుజాల మీద సమంగా పడుతుంది, మెడ ఒరుసుకోదు. పెట్టె అంచులన్నిటికీ గుడ్డ టేపు చుట్టాం, చర్మం గీరుకోకుండా.

అట్టపెట్టె వేషాల్లో అసలు ప్రమాదం ఒకటుంది. పెట్టె ముందుకి పొడుచుకొస్తే పిల్లాడికి తన పాదాలు కనిపించవు. సమతల నేల మీద పర్వాలేదు, మెట్ల దగ్గరే ఇబ్బంది. మా ఆయన బాబుకి పెట్టె తొడిగి ఇంట్లో మెట్లు ఎక్కించి దించి, వాడు కిందికి చూసినప్పుడు ఏం కనిపిస్తోందో అడుగుతూ పెట్టె ముందు భాగాన్ని ఏటవాలుగా కోస్తూ వచ్చారు. పాదాలు స్పష్టంగా కనిపించేదాకా కోశారు. కింది అంచు తొడ మధ్య దాకానే ఉంచాం, మోకాళ్లు స్వేచ్ఛగా ఆడాలి కాబట్టి. అట్టపెట్టెతో వేషం వేసే ప్రతి ఇంట్లో ఈ పరీక్ష చేసి తీరాలి.

పెట్టె మీద కంపెనీ బొమ్మలు, అక్షరాలు ఉంటాయి కదా. వాటి మీద పిల్లల పోస్టర్ రంగు వేస్తే కిందివన్నీ కనిపిస్తాయి. గోడలకి వేయగా మిగిలిన తెల్ల పెయింట్ ముందు ఒక పూత వేసి, ఆరాక ఆకుపచ్చ రంగు వేశాం. ప్లాస్టిక్ టేపు మీద రంగు నిలవదు, అందుకే అతికించాల్సినవన్నీ లోపలి వైపే అతికించాం. పేపర్ ప్లేట్లకి నల్ల రంగు వేస్తే చక్రాలు. నొక్కితే వెలిగే చిన్న గుండ్రటి లైట్లు డాలర్ షాపులో దొరుకుతాయి. ముందు రెండు, వెనక రెండు అతికించాం, వెనక వాటి మీద ఎర్ర జెలాటిన్ కాగితం. పక్కలకి మెరిసే రిఫ్లెక్టివ్ టేపు పట్టీలు. నిజం బండికీ అవే ఉంటాయి, కాబట్టి భద్రత కోసం పెట్టామని వాడికి నచ్చజెప్పాల్సిన పని పడలేదు.

బండి వెనక భాగం వాడి ఆలోచనే. చాక్లెట్లు బుట్టలో వేయించుకోడట. "చెత్త వెనక నుంచి కదా వేస్తారు!" సరే, వెనక వైపు కోసి, గుడ్డ బందుతో తెరుచుకునే మూత పెట్టాం. లోపల అమ్మ దిండు గలీబుతో ఒక సంచి కుట్టింది. సంచి విడిగా బయటికి వచ్చేలా కుట్టడం ముఖ్యం, ఎందుకంటే చాక్లెట్లు నిండుతుంటే బరువు వెనక్కి లాగుతుంది. నాలుగిళ్లకోసారి మా ఆయన ఖాళీ చేసేలా ఏర్పాటు.

స్కూల్‌కి ఈ పెట్టె తీసుకెళ్లడం కుదరదు. తరగతిలో కూర్చోవాలి, మధ్యాహ్నం ఊరేగింపులో వరసగా నడవాలి. అందుకని స్కూల్‌కి పసుపుపచ్చ మెరుపు జాకెట్టు, టోపీ, చేతి గ్లవ్స్‌తో బండి మీద పనిచేసే అన్నలా వెళ్లాడు. సాయంత్రం అదే జాకెట్టు మీద బండి తొడిగాం. మీ పిల్లల వేషం పెద్దదైతే ఇలా స్కూల్‌కి ఒక తేలిక రూపం ఆలోచించి పెట్టుకోండి, ఆ రోజు పొద్దున్న టెన్షన్ ఉండదు.

గుమ్మడికాయలు

తొలచడానికి అమ్మే పెద్ద గుమ్మడికాయలు వేరు, వండుకునేవి వేరు. పెద్దవి లోపల బోలుగా, పీచుపీచుగా, నీళ్లోడుతూ ఉంటాయి. కూరకి, హల్వాకి చిన్నగా గుండ్రంగా ఉండే షుగర్ పంప్‌కిన్ తెచ్చుకోవాలి. రెండు రకాలూ తెచ్చాం. పిల్లలు మార్కర్‌తో కళ్లూ ముక్కూ గీశారు, కోత మాత్రం పెద్దవాళ్లదే. వంటింటి కత్తి కంటే ఇందుకోసం అమ్మే చిన్న రంపం మంచిది, జారదు.

తొలిచిన కాయ త్వరగా పాడవుతుంది. వేడిగా ఉంటే మరీ త్వరగా బూజు పడుతుంది. ఆ ఏడు అక్టోబర్ చివర్లో కూడా ఎండ మండింది, అందుకే ఆఖరి నిమిషం దాకా ఆగి బుధవారం సాయంత్రం కోశాం. కోసి బయట పెట్టలేదు. న్యూజెర్సీలో అక్టోబర్ 30 రాత్రిని మిస్చీఫ్ నైట్ అంటారు. కుర్రాళ్లు చెట్ల మీద టాయిలెట్ పేపర్ విసరడం, గుమ్మడికాయలు పగలగొట్టడం లాంటి అల్లరి చేసే రాత్రి. కొత్తగా వచ్చినవాళ్లకి ఈ సంగతి తెలియదు. కాయల్ని ఆ రాత్రి గ్యారేజీలో ఉంచి మర్నాడు బయటికి తెచ్చాం.

తినుబండారాలు

ఇక్కడ ఒక పద్ధతి తెలుసుకోవాలి. మన చేత్తో చేసినవి ఎంత రుచిగా ఉన్నా గుమ్మంలోకి వచ్చే తెలియని పిల్లలకి ఇవ్వకూడదు. సీలు లేని, ఇంట్లో చుట్టిన తినుబండారాలు ఎవరైనా ఇస్తే పారేయమని తల్లిదండ్రులకి చెప్తారు, వాళ్లు పారేస్తారు కూడా. ఎవరికి ఏది పడదో మనకి తెలియదు. కాబట్టి ఇంట్లో చేసినవి మన పిల్లలకి, బాగా తెలిసిన నాలుగు కుటుంబాలకి. గుమ్మంలో మాత్రం సీలు వేసినవే.

ఇంటికోసం మూడు చేశాం. పిల్లలు ఎక్కువగా మెచ్చింది కంటిగుడ్ల లడ్డూలు. అవి మన రవ్వ లడ్డూలే. నేతిలో దోరగా వేయించిన రవ్వ, పంచదార పొడి, కొబ్బరి కోరు, ఉండ కట్టడానికి గోరువెచ్చటి పాలు. జీడిపప్పు వేయలేదు, వచ్చే పిల్లల్లో ఒకరికి అది పడదు. తెల్లటి గుండ్రటి లడ్డూ మధ్యలో నల్ల కిస్‌మిస్ గుచ్చితే అదే కనుపాప. బీట్‌రూట్ తురుము పిండిన రసంలో టూత్‌పిక్ ముంచి సన్నటి ఎర్ర నరాలు గీశారు పిల్లలు. పాలు పోసినవి కాబట్టి రెండు మూడు రోజుల్లో తినేయాలి.

కళ్లు పెట్టే ముందు అమ్మ ఒక పళ్లెంలో మామూలు లడ్డూలు తీసి పక్కన పెట్టింది. "ఇవి అమ్మవారికి. పూజయ్యాక మీ కళ్లూ చెవులూ ఏమైనా చేసుకోండి" అంది. మంచి ఏర్పాటు. చిమ్మిలి, బూరెలు కూడా అమ్మవారికి వేరుగా చేసింది.

రెండోది మంత్రగత్తె వేళ్లు, అంటే చేగోడీల పిండి. ఒక గ్లాసు నీళ్లలో ఉప్పు, కారం, జీలకర్ర, చెంచా వెన్న, నానబెట్టిన పెసరపప్పు కొంచెం వేసి మరిగాక గ్లాసు బియ్యప్పిండి పోసి మూత పెట్టి దించాలి. గోరువెచ్చగా ఉన్నప్పుడే బాగా మెదపాలి. చుట్లు చుట్టకుండా వేలు పొడవున సాగదీసి, కత్తి వెన్నుతో కణుపుల దగ్గర గీతలు నొక్కి, చివర గోరుగా పొట్టు తీసిన గుమ్మడి పప్పు లోతుగా అదమాలి. పైపైన పెడితే నూనెలో ఊడిపోతుంది. సగం పిండిలో కారం తగ్గించి, నీళ్లకి బదులు పాలకూర రసం పోశాం, అవి పచ్చటి వేళ్లు. మంట ఎక్కువైతే పైన ఎర్రబడి లోపల మెత్తగా ఉండిపోతాయి, సన్న సెగ మీద ఓపిగ్గా వేయించాలి. సామానంతా మన భారతీయ దుకాణాలుండే ఓక్ ట్రీ రోడ్ కిరాణా కొట్లలో దొరికింది.

మూడోది గుమ్మడి గింజలు. తొలిచిన కాయల్లోంచి తీసి, పీచు కడిగేసి, రాత్రంతా బట్ట మీద ఆరబెట్టి, చెంచా నూనె, ఉప్పు, కారం పట్టించి ఒవెన్‌లో 325 ఫారెన్‌హీట్ దగ్గర 20, 25 నిమిషాలు. మధ్యలో ఒకటి రెండుసార్లు కలపాలి. పొట్టుతోనే తినేయొచ్చు.

గుమ్మంలో రెండు గిన్నెలు పెట్టాం. ఒకదాంట్లో చాక్లెట్లు. రెండో దాంట్లో తినేవి కాకుండా పెన్సిళ్లు, స్టిక్కర్లు, చీకట్లో వెలిగే గ్లో స్టిక్కులు. నెమలి నీలం లాంటి టీల్ రంగు వేసిన గుమ్మడికాయ గుమ్మంలో ఉంటే, ఆ ఇంట్లో ఆహార ఎలర్జీ ఉన్న పిల్లలకి కూడా ఏదో ఒకటి ఉందని అర్థం. ఎలర్జీల మీద పనిచేసే ఫేర్ అనే సంస్థ 2014 నుంచి దేశమంతటా దీన్ని ప్రచారం చేస్తోంది. ఖర్చు చాలా తక్కువ. పల్లీ పడని పిల్లాడు ప్రతి ఇంటి దగ్గరా వట్టి చేతులతో తిరిగి వెళ్లడం నేను చూశాను. అందుకే ఈ పని ప్రతి ఇల్లూ చేయాలని నాకు గట్టిగా అనిపిస్తుంది.

ఆ సాయంత్రం

న్యూజెర్సీలో అక్టోబర్ 31న సూర్యాస్తమయం ఆరుకి కాస్త ముందు. పూజ ప్రదోష వేళ చేయాలి. పిల్లలు స్కూల్ నుంచి రాగానే పాలు తాగించి, నాలుగున్నరకల్లా వీధిలోకి బయల్దేరాం. చిన్న పిల్లలు ఆ వేళకే తిరుగుతారు, పెద్ద పిల్లలు చీకటి పడ్డాక వస్తారు. వరండా లైటు వెలుగుతున్న ఇంటికే వెళ్లాలి, ఆర్పేసి ఉంటే వాళ్లకి ఇష్టం లేదని అర్థం. ఈ మర్యాద పిల్లలకి ముందే చెప్పాం.

మామూలుగా ఆ రోజుకి స్వెటర్ల మీద వేషాలు వేసుకోవాల్సినంత చలి ఉంటుంది. అందుకని రెండు వేషాలూ కొంచెం వదులుగానే చేశాం. ఆ రోజు చూస్తే 80 డిగ్రీల ఫారెన్‌హీట్ దరిదాపు ఎండ. వదులు మంచిదే అయింది, పెట్టెలో బాబుకి గాలి ఆడింది.

ప్రతి గుమ్మం దగ్గరా బాబు "ట్రిక్ ఆర్ ట్రీట్" అని చాక్లెట్లు అడగడం, వెంటనే వీపు తిప్పి నిలబడటం. తలుపు తీసినవాళ్లకి ఒక క్షణం అర్థం కాలేదు. పాప మూత ఎత్తి "ఇందులో వేయండి" అనగానే ఒకటే నవ్వులు. ఒక పెద్దాయన లోపలికి వెళ్లి నలిపిన కాగితం ఉండ తెచ్చి, చాక్లెట్‌తో పాటు అది కూడా వేశారు. బాబు ఆనందం చెప్పలేను. చెత్త నిజంగా పడింది కదా! ఇంకో ఇంట్లో ఒకావిడ "బటర్‌ఫ్లైవా?" అంటే పాప రెక్కలు పూర్తిగా చాపి, ఆడ మోనార్క్‌కి చుక్కలెందుకు లేవో ఆవిడకి మొత్తం పాఠం చెప్పింది. వెనక పిల్లలు వరసలో నిలబడ్డా ఆవిడ ఓపిగ్గా విన్నారు.

ఆరు దాటాక ఇంటికి వచ్చి కాళ్లూ చేతులూ కడిగించి, పట్టు లంగా, పంచె కట్టి పూజలో కూర్చోబెట్టాం. మా ఆయన గుమ్మం దగ్గర గిన్నెలతో కూర్చున్నారు. దీపాల విషయంలో ఏ మాత్రం రాజీ పడలేదు. పిల్లల బట్టలు చాలావరకు సన్నటి సింథటిక్, నిప్పు తగిలితే కరిగి ఒంటికి అంటుకుంటాయి. మా పాప రెక్కల్లాంటి నూలు గుడ్డ అయితే వెంటనే అంటుకుంటుంది. అందుకని పిల్లలు వచ్చే మెట్ల మీద, ముగ్గు చుట్టూ, గుమ్మడికాయల్లో అన్నీ బ్యాటరీ దీపాలే. నూనె ప్రమిదలు దేవుడి గదిలో, ఇత్తడి పళ్లెంలో. ఎనిమిదిన్నర దాటి వీధిలో పిల్లల సందడి తగ్గాక వరండా లైటు ఆర్పి, గిన్నెలు లోపల పెట్టి, అప్పుడు గుమ్మంలో నిజం ప్రమిదలు వెలిగించాం. కాకరపువ్వొత్తులు కూడా కాల్చలేదు. ఆ అక్టోబర్‌లో న్యూజెర్సీలో వాన దాదాపు పడలేదు, ఎండుటాకులు గుట్టలుగా ఉన్నాయి, బయట మంటల మీద ఆంక్షలు ఉన్నాయి.

ఇంటికొచ్చేదాకా ఏదీ నోట్లో పెట్టుకోకూడదని పిల్లలకి ముందే చెప్పాం. రాత్రి నేల మీద పరిచి ఏరాం. చిరిగిన పొట్లాలు తీసేశాం. మేం శాకాహారులం, కాబట్టి జంతువుల చర్మం, ఎముకల నుంచి తీసే జెలటిన్ ఉన్నవి వేరు చేయాలి. మార్ష్‌మాలోలు, చాలా రకాల గమ్మీలు, క్యాండీ కార్న్ పక్కకి వెళ్లాయి. స్టార్‌బర్స్ట్‌లో జెలటిన్ ఉంది, స్కిటిల్స్‌లో లేదు. చిన్న పొట్లాల మీద చాలాసార్లు పదార్థాల జాబితా ఉండదు, పెద్ద ప్యాకెట్ జాబితా చూసుకోవాలి. తయారీ మారుతుంటుంది కాబట్టి ప్రతి ఏడూ మళ్లీ చదవడం మంచిది. వేరు చేసినవి మా ఆయన ఆఫీసులో పంచేశారు. మిగిలినవి అక్కాతమ్ముళ్లు బేరాలాడి మార్చుకున్నారు. అమ్మ మధ్యలో కూర్చుని తీర్పులు చెప్పింది.

తొలిచిన కాయలు నాలుగు రోజులకే మెత్తబడ్డాయి. అవి వంటకి పనికిరావు, పెరట్లో ఆకుల కుప్పలో వేసేశాం. షుగర్ పంప్‌కిన్‌తో ఆదివారం అమ్మ దప్పళం పెట్టింది. మంగళగిరి రెక్కలు పాప గదిలో గోడకి తగిలించుకుంది. చెత్త బండిని ఎదురింటి పిల్లాడు చాలాసార్లు వచ్చి చూసి అడిగితే బాబు ఇచ్చేశాడు. లైట్లు మాత్రం ఊడదీసి ఉంచుకున్నాడు. వచ్చే ఏడు మంచు తోసే బండి అవుతాడట, దానికీ లైట్లు కావాలి కదా.